వరూధిని మిస్ సగం విన్న పాఠం

బెంగళూరు చిక్కపేటలో చీరల హోల్‌సేల్ అంగళ్ళు వరసగా ఉండే ఒక ఇరుకు వీధిలో, మేడమీద, చిన్న ప్రైమరీ స్కూలు ఒకటి ఉండేది. కింద చిక్కమునియప్పగారి చీరల అంగడి. పైన పిల్లలు. స్కూలు పేరుకు ఇంగ్లిషు మీడియం. పాఠాలు కన్నడంలో చెప్పేవారు, తిట్లు తెలుగులో తిట్టేవారు, సెలవు నోటీసులు మాత్రం ఇంగ్లిషులో అంటించేవారు.

ఆ స్కూల్లో మూడో తరగతి టీచరు వరూధిని. తాతల కాలంలోనే హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ కుటుంబం. సన్నటి మనిషి, గొంతు మాత్రం సన్నం కాదు. ఒకరోజు హాజరు పిలుస్తూ ఆమె "మంజునాథ్" అంటే, వీధిలో చీరల మూట మోస్తున్న కూలీ మంజునాథ్ మూట దించి "ఏమక్కా" అన్నాడట. క్లాసులో మంజునాథ్ ఆ రోజు రాలేదు. హాజరు మాత్రం పడింది.

వరూధిని లెక్క ప్రకారం లోకంలో పిల్లలు రెండు రకాలు. కూర్చునేవాళ్ళు, కూర్చోనివాళ్ళు. ఆ ఏడాది, అంటే తొంభై ఏడులో, ఆమె క్లాసులో మొదటి రకానికి సౌమ్య, రెండో రకానికి మునిరాజు చెప్పుకోదగ్గ నమూనాలు.

సౌమ్య కిటికీ పక్క బెంచీలో కూర్చునేది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, గోడకు తగిలించిన పటంలా ఉండేది. పక్కపిల్ల గిల్లినా పలికేది కాదు. బొద్దుగా, ముద్దుగా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు ఉండేది. ఏం వింటోందో ఎవరూ అడగలేదు. ఏటా వార్షికోత్సవంలో మంచి నడవడికకు ఇచ్చే స్టీలు గ్లాసు ఆమెకే వచ్చేది. ఆ గ్లాసు ఇంటికి చేరేలోపు దారిలో ఎక్కడో పోయేది. పెన్సిళ్ళు పోయేవి, రిబ్బన్లు పోయేవి, ఒకసారి వేసుకొచ్చిన స్వెట్టరు మధ్యాహ్నానికి లేదు. మార్కులు కూడా అలాగే ఎక్కడో పోయేవి. "పాపం, పిల్ల బంగారం. బుర్రే కొంచెం నిదానం" అని వరూధిని జాలిపడేది.

మునిరాజు వీధి మొదట్లో పూలమ్మే కదిరమ్మ కొడుకు. వాడు బెంచీలో ఉన్న సమయం కంటే బెంచీకీ నల్లబోర్డుకీ మధ్య దారిలో ఉన్న సమయం ఎక్కువ. బోర్డు దాకా వచ్చేవాడు, వెనక్కి పోయేవాడు, పోతూ ఎవరి కాలో తొక్కేవాడు, ఎవరి నీళ్ళ సీసానో తన్నేవాడు. కూర్చోబెడితే పక్కవాడి పుస్తకంలోకి వంగేవాడు. వంగకపోతే "ఏం రాసిందిరా, ఏం రాసిందిరా" అని గొణిగేవాడు. వాణ్ణి చూస్తే వరూధినికి తలనొప్పి వచ్చేది. తలనొప్పి మాత్ర వేసుకుని నీళ్ళు తాగుదామంటే సీసా వాడు అప్పటికే తన్నేసి ఉండేవాడు.

ఆ ఏడాది దసరా సెలవులయ్యాక, టీచర్లకు ఒకరోజు శిక్షణ ఉందని ఊళ్ళోనే ఉన్న జయనగరం నుంచి కబురొచ్చింది. శనివారం గనక ఎవరూ పోతామనలేదు. హెడ్మాస్టరు జయరామప్ప, స్టాఫ్ మీటింగుకు ఆలస్యంగా వచ్చిన వరూధిని పేరు రాసి పంపేశాడు.

శిక్షణ ఇచ్చింది ఛాయాదేవి అనే పిల్లల మానసిక వైద్యురాలు. విజయవాడ నుంచి వచ్చి బెంగళూరులో ప్రాక్టీసు పెట్టిన మనిషి, నెమ్మదిగా, నవ్వుతూ చెప్పేది. ఏడీహెచ్‌డీ అనే మాట వరూధిని అక్కడే మొదటిసారి విన్నది. పొద్దుటి పాఠమంతా ఒకచోట కూర్చోలేని పిల్లల గురించి. కుదురు లేకపోవడం, వంతు వచ్చేదాకా ఆగలేకపోవడం, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేయడం, ఎవరో లోపల మోటారు బిగించినట్టు తిరుగుతూనే ఉండడం. ఇది కొవ్వెక్కి చేసే అల్లరి కాదు, పెంపకంలో లోపం కాదు, మెదడు పనిచేసే తీరులో ఉండే తేడా అని డాక్టరు చెబుతుంటే వరూధిని ఒక్క ముక్క వదలకుండా విన్నది. ప్రతి ముక్కకూ మునిరాజు కళ్ళముందు వచ్చి నిలబడ్డాడు, నిలబడకుండా తిరిగాడు కూడా.

మధ్యాహ్నం బిసిబేళెబాత్, ఒబ్బట్టు అనే బొబ్బట్టు, మజ్జిగ పెట్టారు. ఒబ్బట్టు మీద నెయ్యి ధారాళంగా పోశారు. ఆ తర్వాత ఏం చెప్పారో వరూధినికి తెలియదు. తల వాల్చకుండా, కళ్ళు పూర్తిగా మూయకుండా, మధ్యమధ్య చిన్నగా తలూపుతూ నిద్రపోయే విద్య ఆమెకు స్టాఫ్ మీటింగుల్లోనే పట్టుబడింది. లేచేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. తనూ కొట్టింది.

సాయంత్రం ఇంటికి వచ్చి, పొద్దుట విన్నది మొదట మొగుడి మీద ప్రయోగించింది. భుజంగరావు పోస్టాఫీసులో గుమాస్తా. మంచి మనిషి. ఏ పనీ పూర్తిచేసేవాడు కాదు. ఆయన విప్పిన మిక్సీ మూడు పండగలుగా వంటింటి గట్టు మీద విప్పినట్టే ఉంది. ఆ సాయంత్రం ఆయన ఉప్మా తింటూ మధ్యలో లేచి రేడియో కట్టేసి, కిటికీ తెరిచి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. వరూధిని ఆయన్ని తేరిపార చూసింది.

"మీకూ ఉండాది" అంది.

"ఏముండాది?"

"ఏడీహెచ్‌డీ."

భుజంగరావు చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది. "అంటుకునేదా?"

"కాదు. పుట్టుకతో వచ్చేది."

"అయితే ఇంకొంచెం ఉప్మా పెట్టు" అన్నాడాయన.

అక్కణ్ణుంచి రెండు వారాలు వరూధిని చేతికి దొరికినవాడు దొరికినట్టు రోగి అయ్యాడు. మంత్రం సగంలో ఆపి గంట కొట్టే పూజారికి ఉందని తేల్చింది. పాలు పోస్తూ ఎటో చూసి కింద ఒలకబోసే పాలవాడికి ఉందంది. పక్కింటి కుక్కకు కూడా ఉందని ఆ ఇంటావిడతో చెబితే, ఆవిడ కుక్కను పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అక్కడ డాక్టరు ఆ మాట విని ఏం చెయ్యాలో తెలియక నులిపురుగుల మందు ఇచ్చి పంపాడు.

క్లాసులో మాత్రం ఆమె మాటలతో ఆగలేదు. అలాంటి పిల్లలకు పాఠాల మధ్య కాస్త ఒళ్ళు కదిలించే వీలు కల్పిస్తే మంచిదని డాక్టరు పొద్దుట చెప్పింది. ఒక్క మునిరాజును గెంతమంటే మిగతావాళ్ళు నవ్వుతారు గనక, ప్రతి ఎక్కం అయిపోగానే క్లాసంతా లేచి గెంతాలని వరూధిని నియమం పెట్టింది. పిల్లలకు చదువు మీద అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు. రెండో ఎక్కం నుంచి పన్నెండో ఎక్కం దాకా ఒక్క బిగిన చదివేవాళ్ళు.

మూడో రోజు, పిల్లలు ఏడో ఎక్కంలో ఉండగా, కింద చిక్కమునియప్ప అంగడిలో దేవనహళ్ళి నుంచి వచ్చిన పెళ్ళివారు పట్టుచీరలు చూస్తున్నారు. పెళ్ళికూతురు అరిటాకుపచ్చ చీర భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడింది. పైన ఏడో ఎక్కం అయిపోయింది. కప్పు నుంచి సున్నం పొడి ఆ పిల్ల తల మీద అక్షింతల్లా రాలింది. ఫ్యాను పక్కకు ఊగింది. చీరల బొత్తి ఒకటి దానంతట అది జారి నేలమీద పరుచుకుంది. పెళ్ళికూతురి మేనత్త మిద్దె కూలిపోతోందని వీధిలోకి పరిగెత్తింది. మేనత్త పోయిందని మిగతావాళ్ళూ పోయారు. అరిటాకుపచ్చ చీర కూడా పెళ్ళికూతురి భుజం మీదే పోయింది. దాన్ని తేవడానికి చిక్కమునియప్ప సందు చివరి దాకా పరిగెత్తాల్సి వచ్చింది.

చీర మడత పెట్టకుండా చేతిలోనే పట్టుకుని ఆయన మెట్లెక్కి వచ్చాడు. భారీ మనిషి. మెట్లు కూడా ఆయన మాటే వింటాయన్నట్టు మోగాయి.

"ఏమ్ టీచరమ్మా, పైన పిల్లకాయలుండారా, ఏనుగులుండాయా?"

వరూధిని జవాబు మొదలుపెట్టింది. ఆయన అడ్డొచ్చాడు. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. ఆయన మళ్ళీ అడ్డొచ్చాడు, అడ్డొస్తూ చీర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు, కాలు ఆడించాడు. వరూధిని కోపం తగ్గిపోయి, ఆమె ముఖంలోకి దయ వచ్చింది.

"అప్పా, తప్పుగా అనుకోవద్దు. ఎదుటివాళ్ళ మాట అయ్యేదాకా మీరు ఆగలేకుండారు. అదొక లక్షణం. కాళ్ళు కూడా చూడండి, సుమ్నే, ఊరికే ఆడతాండాయి."

చిక్కమునియప్ప కాళ్ళవైపు చూసుకున్నాడు. అవి ఆడుతూనే ఉన్నాయి. చీర పట్టుకుని అలాగే దిగిపోయాడు. మర్నాడు పొద్దున్నే, స్కూలు తెరవకముందే, మెట్ల దగ్గర కాచుకుని ఉన్నాడు. గొంతు తగ్గించి, దానికి మందేమన్నా ఉందా అని అడిగాడు. ఇంట్లో అడిగితే భార్యా కోడలూ ఇద్దరూ అవునంటే అవునన్నారట.

సంగతి హెడ్మాస్టరు జయరామప్ప దాకా పోయింది. ఆయన వరూధినిని గదిలోకి పిలిచి, గెంతులు ఇక బందు అన్నాడు. మీరు ఇంటర్వెల్ బెల్లు రోజూ ముందే కొడతారు, ఆగలేకపోవడం కూడా అందులోదే అని ఆమె అంది. ఈ చదువు చదివించింది తానే గనక తప్పు తనదేనని జయరామప్ప ఒప్పుకున్నాడు. ఆ మునిరాజును ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళి చూపించు, ఆమె ఏం చెబితే అది చేద్దాం, అప్పటిదాకా ఎవరికీ ఏమీ ఉందని చెప్పొద్దని ఆజ్ఞ వేశాడు.

కదిరమ్మ వెంటనే ఒప్పుకుంది. కొడుకు కుదురు కోసం ఆమె అప్పటికే తాయెత్తు కట్టించింది, వేపాకు రసం తాగించింది, దిష్టి తీయించింది. డాక్టరొక్కటే మిగిలింది. అయితే వరూధినికి ఇంకో ఆలోచన వచ్చింది. చెడ్డ సరుకు చూపించేటప్పుడు పక్కన మంచి సరుకు ఉంటే తేడా తెలుస్తుందని చీరల వీధిలో ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అందుకని సౌమ్యను కూడా వెంట తీసుకెళ్తానని వాళ్ళమ్మ అనసూయను అడిగింది. అనసూయ ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే మనిషి.

"మా పాపను డాక్టరు చూసేదెందుకు మిస్?" అంది అనసూయ భయపడి.

"చూసేదానికి కాదమ్మా. చూపించేదానికి. పిల్లంటే ఇట్లుండాల అని."

అనసూయ ముఖం వెలిగింది. ఎవరూ తన కూతుర్ని ఎక్కడికీ అలా చూపించడానికి తీసుకుపోతామనలేదు. ఆ రోజు సౌమ్యకు రెండు జడలు వేసి, కొత్త గౌను తొడిగి, కొత్త చెప్పులు వేసి పంపింది.

కదిరమ్మా వరూధినీ పిల్లలిద్దరితో జయనగరంలో బస్సు దిగి క్లినిక్కు చేరేసరికి సౌమ్య కాళ్ళకు ఒక చెప్పే ఉంది. రెండోది బస్సులో పోయిందో, దారిలో పోయిందో ఆ పిల్లకు తెలియదు. పోయిందన్న సంగతి కూడా వరూధిని చెప్పాకే తెలిసింది.

డాక్టరు ఛాయాదేవి మునిరాజును కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగోడ మీద క్యాలెండరు చూపించి బొమ్మేమిటని అడిగింది. వాడు వెంటనే లేచి గోడ దగ్గరికి పోయాడు. చూశారా అన్నట్టు వరూధిని డాక్టరు వైపు చూసింది. డాక్టరు వాణ్ణి వెనక్కి పిలిచి, కూర్చునే చెప్పమంది.

మునిరాజు కళ్ళు చికిలించాడు. "ఎర్రగా ఏమో ఉండాది. బస్సా?"

అది తామరపువ్వులో కూర్చున్న లక్ష్మీదేవి. కదిరమ్మ చెంపలు వేసుకుంది.

"బోర్డు మీద మిస్ రాసింది కనిపిస్తుందా నాన్నా?" అని డాక్టరు అడిగింది.

"దగ్గరికి పోతే కనిపిస్తాది. పోతే మిస్ కొడతారు."

వాడు బోర్డు దాకా ఎందుకొచ్చేవాడో, పక్కవాడి పుస్తకంలోకి ఎందుకు వంగేవాడో, దారిలో ఉన్న సీసాలన్నీ ఎందుకు తన్నేవాడో వరూధినికి ఒక్కసారిగా అర్థమైంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరు మాత్రం మామూలుగా, ముందు కళ్ళ డాక్టరుకు చూపించమని కదిరమ్మకు చెప్పింది. కళ్ళజోడు పెట్టాక కూడా ఇలాగే తిరుగుతుంటే మళ్ళీ తీసుకురమ్మంది. కుదురులేని పిల్లల్ని చూడగానే ఒకటే పేరు పెట్టెయ్యకూడదని, కళ్ళు, చెవులు, నిద్ర, తిండి, ఇంట్లో గొడవలు అన్నీ చూశాకే ఆ పేరు దాకా రావాలని అంది.

పరువు కాస్త నిలబెట్టుకుందామని వరూధిని సౌమ్యను ముందుకు తోసింది. "ఈ పాప చూడండి డాక్టరమ్మా. మా స్కూల్లో ఇంత బుద్ధిమంతురాలు లేదు."

డాక్టరు సౌమ్యను పేరడిగింది. సౌమ్య కొంచెంసేపటికి చెప్పింది. డాక్టరు ఆ పిల్ల కాళ్ళవైపు చూసింది, ఒక చెప్పునూ ఒక పాదాన్నీ చూసింది. తర్వాత, బయట నర్సక్కను అడిగి గ్లాసుడు నీళ్ళు తెచ్చి, వచ్చేటప్పుడు తలుపు వేసి రమ్మని పంపింది. పిల్ల వెళ్ళింది. డాక్టరు వరూధినితో మాటల్లో పడింది. పాప రాతపని పూర్తిచేస్తుందా? చెయ్యదు, కానీ గొడవ చెయ్యదు. వస్తువులు పోగొడుతుందా? పోగొడుతుంది, కానీ పోయాయని ఏడవదు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా? రెండు మూడుసార్లు పిలిస్తే పలుకుతుంది. చెబుతూ చెబుతూ వరూధిని గొంతు ఆమెకు తెలియకుండానే చిన్నదైంది. ఆ గొంతు అంత చిన్నది కావడం చిక్కపేటలో ఎవరూ వినలేదు.

నీళ్ళు రాలేదు. తలుపు తెరిచే ఉంది. అందరూ బయటికి వచ్చి చూస్తే, సౌమ్య వరండాలో చేపల తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతిలో గ్లాసు ఖాళీగా ఉంది. తెచ్చిన నీళ్ళు తొట్టిలో పోసేసింది.

"చేపలకు ఎందుకు పోశావే?" అంది వరూధిని.

"నోరు తెరిచి తెరిచి అడగతాండాయి మిస్" అంది సౌమ్య.

డాక్టరు నవ్వు ఆపుకుంది. మళ్ళీ గదిలోకి వచ్చాక, "మేడమ్, ట్రైనింగ్‌లో ఆఫ్టర్‌నూన్ సెషన్ మొత్తం ఇలాంటి పిల్లల గురించే చెప్పాను కదా, మీరు ముందు వరసలోనే కూర్చున్నారు" అంది.

వరూధిని చీర కొంగు సర్దుకుంది. "ఆ రోజు ఒబ్బట్టు చాలా బాగుండింది డాక్టరమ్మా" అంది.

డాక్టరు ఈసారి నవ్వేసింది. తర్వాత ఆ మధ్యాహ్నం పాఠాన్ని ఒక్క వరూధిని కోసం మళ్ళీ చెప్పింది. పరిగెత్తే పిల్లలు అందరికీ కనిపిస్తారు. కాళ్ళు చేతులు కదలకుండా, ధ్యాస ఒక్కటే పరిగెత్తే పిల్లలు ఎవరికీ కనిపించరు. వాళ్ళలో ఆడపిల్లలు ఎక్కువగా మరుగున పడిపోతారు, ఎవర్నీ ఇబ్బంది పెట్టరు గనక. వాళ్ళకు ధ్యాస లేదని కాదు, దాన్ని కావలసిన చోట నిలిపి ఉంచడం వాళ్ళకు కష్టం. చేప దగ్గర నిలిచింది చూశారు కదా, ఎక్కం దగ్గర నిలవదు. అది సోమరితనం కాదు, మందబుద్ధి కాదు. సౌమ్యకు ఇదే ఉందని తాను ఇప్పుడే చెప్పలేనని కూడా అంది. ఇంట్లో ఎలా ఉంటుందో, చిన్నప్పటి నుంచీ ఇలాగేనా అన్నది తల్లితో మాట్లాడి, ఇంకా కొన్నిసార్లు చూసి గానీ తేల్చకూడదు.

పొద్దున మంచి సరుకని తీసుకెళ్ళిన పిల్లను సాయంత్రం ఇంటికి చేర్చి ఆ మాట తల్లికి చెప్పడం వరూధినికి చాలా కష్టమైంది. అనసూయ గుమ్మంలోనే నిలబడి, ఏమన్నారు మిస్, బాగుండాది అన్నారా అని అడిగింది. వరూధిని ముందు చెప్పు పోయిన సంగతి చెప్పింది, తర్వాత చేపల సంగతి చెప్పింది, ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. పిచ్చా అని అడిగింది అనసూయ. కాదంది వరూధిని. అనసూయ గోడకానుకుని నేలమీద కూర్చుంది.

"చెప్పిన మాట వినదని దినమూ కొడతాండా మిస్. కావాలనే చేస్తాండాది అనుకుంటి."

వరూధిని కూడా ఆమె పక్కనే నేలమీద కూర్చుంది. కాసేపటికి సౌమ్య లోపల్నుంచి వచ్చి, ఇద్దరూ కింద ఎందుకు కూర్చున్నారని అడిగి, తనూ కూర్చుంది.

సంక్రాంతి దాటాక డాక్టరు సంగతి తేల్చింది. అవును, అదే. ముందు మందు జోలికి పోకుండా ఇంట్లో, స్కూల్లో చెయ్యాల్సినవి కొన్ని చెప్పింది. అందులో అన్నిటికంటే చిన్నది వరూధిని ప్రాణం మీదకు వచ్చింది. పాపకు ఒకసారికి ఒక్క పనే చెప్పాలి.

వరూధిని ఊపిరి తీసుకునే లోపు చెప్పే పనులు ఇలా ఉండేవి: పుస్తకం మూసి, స్లేటు తీసి, తేదీ రాసి, కింద గీత కొట్టి, మూడో లెక్క చేసి, వెనకవాళ్ళను చూడకుండా, చేసినవాళ్ళు చెయ్యెత్తండి. ఇరవై ఏళ్ళ అలవాటు. పుస్తకం మూయమని చెప్పి నోరు మూసుకోవడం ఆమెకు తుమ్ము ఆపుకోవడంలా ఉండేది. సాధన కోసం ఇంట్లో భుజంగరావు మీద మొదలుపెట్టింది. గిన్నె తెండి అంది, ఆగింది. ఆయన తెచ్చాడు. నీళ్ళు పోయండి అంది, ఆగింది. ఆయన పోశాడు. పది రోజుల్లో ఆయన మిక్సీ బిగించేశాడు. ఇన్నాళ్ళూ నువ్వు ఏడు పనులు ఒక్కసారి చెబితే మొదటిది మర్చిపోయి ఏడోది వినకుండా మధ్యలో నిలబడిపోయేవాణ్ణి అని ఆయన బాధపడ్డాడు. ఆయనకు కూడా ఉందేమోనని వరూధిని ఒకసారి డాక్టరును అడిగింది. మిమ్మల్ని చూస్తే ఆయనది ఆత్మరక్షణలా ఉందని డాక్టరు అంది.

సౌమ్యను కిటికీ పక్క నుంచి తీసి తన బల్లకు ఎదురుగా కూర్చోబెట్టింది. వారం పాటు ఆ పిల్ల కళ్ళార్పకుండా టీచరునే చూసేసరికి వరూధిని పొంగిపోయింది. తర్వాత తెలిసింది, పిల్ల చూస్తున్నది టీచరును కాదు, ఆమె చెవులకు ఊగే జుంకాలను. జుంకాలు తీసేసి చిన్న దుద్దులు పెట్టుకుంది. లెక్కల పేజీ మీద ఒక అట్టముక్క కప్పి, ఒక్క లెక్కే కనిపించేలా ఉంచి, అది అయ్యాక కొంచెం కిందికి జరిపేది. మధ్యలో బోర్డు తుడిచే పని ఇచ్చి లేపేది. సౌమ్య బోర్డు తుడుస్తూ తుడుస్తూ గోడ కూడా తుడిచేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. అనసూయ కూడా ఇంట్లో చెయ్యి ఎత్తడం మానింది. మానలేని రోజు బయటికి వెళ్ళి వీధి చివరిదాకా నడిచొచ్చేదట.

ఆ ఏడాది సౌమ్యకు లెక్కల్లో వచ్చిన మార్కులు చూసి జయరామప్ప కాగితం తిరగేసి పేరు మళ్ళీ చదివాడు. గొప్ప మార్కులేమీ కావు. పాసు మార్కులు.

మునిరాజుకు కళ్ళజోడు వచ్చింది. పెట్టుకుని వచ్చిన మొదటి రోజే బోర్డు వైపు చూసి, "మిస్, స్పెల్లింగు తప్పుండాది" అన్నాడు. నిజంగానే ఉంది. అల్లరి మాత్రం వాడు మానలేదు. వెనక బెంచీకి మారి, ఇప్పుడు గది మొత్తం స్పష్టంగా కనిపిస్తోంది గనక, ఇంకా బాగా చేశాడు. డాక్టరు దగ్గరికి మళ్ళీ తీసుకుపోనా అని కదిరమ్మ అడిగితే, వద్దులే, ఇది మామూలు అల్లరే అని వరూధిని చెప్పింది. చిక్కమునియప్పకు మాత్రం చాలాకాలం అనుమానం పోలేదు. మాట మధ్యలో అడ్డొచ్చినప్పుడల్లా నాలుక కరుచుకుని, మీరు చెప్పండి, మీరు చెప్పండి అనేవాడు. ఆయన అంగడికి గిరాకీ పెరిగిందని వీధిలో అనుకునేవారు.

పైతరగతుల్లో సౌమ్యకు అంతా సాఫీగా పోలేదు. నాలుగో తరగతి టీచరు అట్టముక్కల వ్యవహారం తనవల్ల కాదంది. హైస్కూల్లో ఒక ఏడాది అన్ని సబ్జెక్టులూ పోయాయి. అప్పుడు డాక్టరు మందు మొదలుపెట్టింది, కొన్నేళ్ళు వాడారు, మేలు చేసింది. పీయూసీ, అంటే ఇంటరు, రెండోసారి రాసి గట్టెక్కింది. తర్వాత కంప్యూటరు మీద చీరల అంచులకు డిజైన్లు వేసే పని నేర్చుకుంది. ఆ పనిలో కూర్చుంటే అన్నానికి పిలిచినా వినపడదు. నెమలి కంఠం రంగు సరిగ్గా రావడానికి పూటంతా కూర్చోగలదు, ఆ పూట ఫోను ఎక్కడ పెట్టిందో చెప్పలేదు.

వరూధిని రెండువేల ఐదులో రిటైరయింది. అప్పటిదాకా ప్రతి ఏడూ క్లాసులో చప్పుడు చెయ్యని పిల్లల్ని ముందు చూసేది. ఎవరికీ ఏమీ ఉందని మాత్రం నోటితో అనలేదు. డాక్టరు చిరునామా చెప్పి పంపేది.

రిటైరయ్యాక మూడేళ్ళకు మునిరాజు అక్క పెళ్ళి కుదిరింది. బెంగళూరుకు కాస్త దూరంలో ఆనేకల్‌లో కల్యాణమంటపం. మునిరాజు ఇంటికొచ్చి పిలిచాడు. సౌమ్యా వరూధినీ కలిసి బస్సులో బయల్దేరారు. శుభలేఖ సౌమ్య ఇంట్లో మర్చిపోయింది. ఫరవాలేదు, బస్టాండు దగ్గర మంటపం అని నాకు గుర్తుండాది అని వరూధిని ధైర్యం చెప్పి, దారంతా మాట్లాడుతూనే ఉంది.

దిగగానే బస్టాండు దగ్గర మంటపం కనిపించింది. లోపలికి పోయారు. పన్నీరు చల్లారు, కూర్చోబెట్టి భోజనం పెట్టారు. భోజనమయ్యాక వరూధిని స్టీలు డబ్బాల సెట్టు పట్టుకుని వేదిక ఎక్కింది. పెళ్ళికూతురు మేకప్‌లో గుర్తుపట్టలేనంత మారిపోయిందనుకుంది. మీ తమ్ముడి చిన్నప్పటి అల్లరి అంతా ఇంతా కాదని, నాకు వాడు తెప్పించిన తలనొప్పులకు లెక్కలేదని, అయినా వాడు బంగారమని చాలాసేపు చెప్పి అక్షింతలు వేసింది. పెళ్ళికూతురు ఏమీ అర్థంకాక కాళ్ళకు దండం పెట్టింది. అంతలో సౌమ్య ఫోను మోగింది. అది ఆమె చేతిలోనే ఉంది.

"మిస్ ఎక్కడుండారు సౌమ్యా, భోజనాలు మొదలైనాయి" అన్నాడు మునిరాజు.

"స్టేజి మీద ఉండాము కదా, నువ్వెక్కడుండావు?"

"స్టేజి మీద నేనుండాను. మీరు లేరు."

ఇద్దరూ వేదిక మీదే నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక బ్యానరు మీద పేర్లు అప్పుడు చదివారు. ఫోటోగ్రాఫరు ఇటు చూడండి అంటే ఇటు చూశారు. డబ్బాలు తిరిగి అడగడానికి వరూధినికి మనసొప్పలేదు. అక్షింతలు పడ్డాక అడగడం బాగుండదంది.

అసలు మంటపం రోడ్డుకు అవతల ఉంది. అక్కడ కదిరమ్మ గుమ్మంలోనే పట్టుకుని, భోంచెయ్యకుండా పోనిచ్చేది లేదంది. ఇద్దరూ మళ్ళీ ఆకుల ముందు కూర్చున్నారు. పాయసం మాత్రం మొదటి పెళ్ళిలోదే బాగుందని సౌమ్య మెల్లగా అంటే, వరూధిని తలూపి, ఇంకొంచెం పొయ్యమని వడ్డించేవాణ్ణి పిలిచింది.